"అన్నా, 150 తీసుకోనా, 170 తీసుకోనా?": లాంగ్ ట్రావెల్ ట్రెయిల్ బైక్ కొనేవాళ్ళకి

సియాటిల్ ఈస్ట్‌సైడ్‌లో, అంటే ఇసాక్వా, సమామిష్, రెడ్‌మండ్ వైపు ఉండే మనవాళ్ళు మౌంటెన్ బైక్ కొందామనుకోగానే అడిగే మొదటి ప్రశ్న ఇదే. ట్రావెల్ ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలి? నన్నడిగితే అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. మీ ఎత్తుకి సరిపోయే ఫ్రేమ్, మీ బరువుకి సరిపోయే గాలి (ఫోర్కులో, వెనక షాక్‌లో), మీ వేళ్ళకి అందే బ్రేకు, ఈ మూడూ కుదిరితే 150 అయినా 160 అయినా హాయిగా నడుస్తుంది. కుదరకపోతే 8 వేల డాలర్ల బైక్ కూడా చేతుల్ని కుదిపి పారేస్తుంది. ఇంకో ముక్క కూడా చెప్పాలి. మనలో చాలామంది 60 నుంచి 70 కిలోల మధ్య ఉంటాం, కానీ షాపులోంచి బయటికొచ్చే బైకులో గాలి అంతకంటే బరువైన మనిషికి కొట్టి ఉంటుంది. ఈ రాతలో సగం దాని గురించే.

ముందు లెక్క తెలియని వాళ్ళకోసం: ట్రావెల్ అంటే చక్రం గతుకు తగిలినప్పుడు ఎంత మేర పైకి ఆడగలదో ఆ కొలత. 120, 130 మి.మీ. ఉంటే మామూలు ట్రెయిల్ బైక్. వెనక 145 నుంచి 160, ముందు ఫోర్కులో 150 నుంచి 170 ఉంటే లాంగ్ ట్రావెల్. ఆ పైన ఎండ్యూరో, డౌన్‌హిల్ అని వేరే రకాలు. స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్ 15 (వెనక 145, ముందు 150), బెల్లింగ్‌హామ్ వాళ్ళదే అయిన ట్రాన్సిషన్ సెంటినెల్ (150, 160), శాంటా క్రూజ్ బ్రాన్సన్ (150, 160) ఈ కోవలోకే వస్తాయి.

మీకు ఇంత ట్రావెల్ అవసరమా? డ్యూథీ హిల్ పార్కులో మాత్రమే నడుపుతానంటే అవసరం లేదు. అక్కడ చాలా ట్రెయిళ్ళు మనుషులు చదును చేసి, మలుపుల్లో గట్లు కట్టి పెట్టినవి, 130 ఉన్న బైకే చలాకీగా పోతుంది. పిల్లల్ని తీసుకుని స్నోక్వాల్మీ వ్యాలీ ట్రెయిల్లో కంకర మీద తిరగడానికైతే అసలు సస్పెన్షన్ గొడవే వద్దు. కానీ టైగర్ మౌంటెన్, రేజింగ్ రివర్ ఎక్కి దిగాలని, నెలకోసారి బెల్లింగ్‌హామ్‌లోని గాల్‌బ్రెయిత్ కొండకి వెళ్ళాలని, వేసవిలో స్టీవెన్స్ పాస్ బైక్ పార్కో, కెనడాలోని విస్లరో చూడాలని ఉందనుకోండి, అప్పుడు అన్నిటికీ ఒకే బైక్ అంటే ఇదే. ఒక్కటి మర్చిపోవద్దు. టైగర్‌లో గానీ రేజింగ్ రివర్‌లో గానీ లిఫ్ట్ ఉండదు. ఈస్ట్ టైగర్ శిఖరం 3 వేల అడుగుల ఎత్తు, అక్కడిదాకా 15, 16 కిలోల బైకుని మీ కాళ్ళే తొక్కి ఎక్కించాలి. అందుకే 170 జోలికి పోవద్దంటాను. వెనక 150, ముందు 160 చాలు.

కొనేటప్పుడు

సైజు దగ్గర మనవాళ్ళు మొహమాటపడతారు. షాపులో స్టాకు ఉన్న సైజే మీకు సరిపోతుందని చెప్పే సేల్స్‌మన్ ప్రతిచోటా ఉంటాడు. సీటు ఎత్తు చూసి సైజు తేల్చొద్దు, సీటు పైకీ కిందికీ కదులుతుంది. చూడాల్సింది రీచ్ అనే కొలత, అంటే మీరు పెడళ్ళ మీద నిలబడినప్పుడు హ్యాండిల్ ఎంత దూరంలో ఉంటుందనేది. 5 అడుగుల 7 అంగుళాల మనిషికి 440 నుంచి 460 మి.మీ. మధ్య రీచ్ సుమారుగా కుదురుతుంది, చాలా కంపెనీల్లో అది మీడియం. రెండు సైజుల మధ్యలో పడితే మలుపుల్లో సులువుగా తిరగాలనుకునేవాళ్ళు చిన్నది, స్పీడులో నిలకడ కావాలనుకునేవాళ్ళు పెద్దది తీసుకుంటారు. కొత్తవాళ్ళకి చిన్నదే మేలని నా అభిప్రాయం. 5 అడుగుల 5 అంగుళాల లోపు ఉంటే వెనక 29 అంగుళాల చక్రం నిటారు దిగుడులో కూర్చునే చోట రాసుకుంటుంది. అలాంటివాళ్ళు ముందు 29, వెనక 27.5 ఉండే బైక్ చూసుకోండి. పైన చెప్పిన బ్రాన్సన్ అలాంటిదే.

డబ్బు ఎక్కడ పెట్టాలి? అల్యూమినియం ఫ్రేమ్ తీసుకుని, ఆ మిగిలిన డబ్బు ఫోర్కు, బ్రేకులు, టైర్ల మీద పెట్టండి. కార్బన్ ఫ్రేమ్‌కి నాసిరకం ఫోర్కు తగిలించి అమ్మే మోడళ్ళు ఉంటాయి. ఫోటోలో బాగుంటాయి, దిగుడులో ఏడిపిస్తాయి. ఫోర్కు ఫాక్స్ 36 గానీ రాక్‌షాక్స్ లిరిక్ గానీ ఉంటే చాలు, బంగారు పూత ఉన్న టాప్ మోడలే కానక్కర్లేదు. బ్రేకులు నాలుగు పిస్టన్లవి, రోటర్లు, అంటే బ్రేకు బిళ్ళలు, 200 మి.మీ. వి ఉన్నాయో లేదో చూడండి. గేర్లు వైర్‌లెస్సా, కేబులా అన్నది పట్టించుకోవద్దు, కేబుల్ గేర్లు పాడైతే చవగ్గా మార్చుకోవచ్చు. టైర్ల సంగతికొస్తే, మన వైపు ఏడాదిలో సగానికి పైగా తడి, దారి నిండా దేవదారు, ఫర్ చెట్ల వేర్లు. ముందు చక్రానికి మాక్సిస్ అసెగై, అందులోనూ మాక్స్‌గ్రిప్ అనే మెత్తటి రబ్బరు రకం ఉంటే తడి వేరు మీద కూడా నమ్మకంగా ఉంటుంది. వెనక మినియన్ డీహెచ్ఆర్ 2 సరిపోతుంది. బైకుతో వచ్చిన టైరు గట్టి రబ్బరుదైతే కొన్న రోజే ముందుది ఒక్కటి మార్పించండి.

ధర ట్యాగు మీద రాసింది మాత్రమే ఖర్చనుకుంటే తడిసి మోపెడవుతుంది. కింగ్ కౌంటీలో సేల్స్ ట్యాక్సే 10 శాతం పైన. ఈ రేంజి బైకులకి పెడళ్ళు రావు, నిజంగానే రావు, విడిగా కొనుక్కోవాలి. పిన్నులున్న ఫ్లాట్ పెడళ్ళు, అడుగు జిగురుగా పట్టే బూట్లు, మిప్స్ (పడ్డప్పుడు తల మెలితిరిగే దెబ్బని తగ్గించే లోపలి పొర) ఉన్న హెల్మెట్, మోకాళ్ళ ప్యాడ్లు, గ్లవ్స్, షాక్ పంప్, టైరు గాలి చూసే డిజిటల్ గేజి. వీటికి ఇంకో 600 డాలర్లు పక్కన పెట్టండి. మోకాళ్ళ ప్యాడ్లు తర్వాత కొందాంలే అనుకోవద్దు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంటుంది. కారు వెనక బైకులు తగిలించే హిచ్ ర్యాక్ ఇంకో ఖర్చు. కార్బన్ ఫ్రేమ్ అయితే టైర్లని పట్టుకునే ర్యాకే తీసుకోండి, ఫ్రేమ్‌ని బిగించే రకం వద్దు. టొయోటా సియెన్నా వ్యాన్ ఉన్నవాళ్ళకి ర్యాకు ఖర్చు తప్పుతుంది, వెనక సీట్లు మడిచి, పాత దుప్పటి పరిచి, ముందు చక్రం ఊడదీసి పడుకోబెడితే రెండు బైకులు పడతాయి. దుప్పటి ఇంట్లో అడిగి తీసుకోండి.

ఆన్‌లైన్‌లో నేరుగా అమ్మే కాన్యన్ లాంటి వాళ్ళ దగ్గర అదే డబ్బుకి మంచి పార్టులు వస్తాయి, కాదనను. కాకపోతే డబ్బాలో వస్తుంది. హ్యాండిల్, ముందు చక్రం, సీటు పోస్టు మీరే బిగించుకోవాలి, దానికి ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచ్ కావాలి. చేతి అంచనాతో మరీ గట్టిగా బిగిస్తే కార్బన్ హ్యాండిల్ పగులుతుంది, వదులుగా వదిలేస్తే దారిలో తిరిగిపోతుంది. మొదటి బైకైతే లోకల్ షాపే మంచిది. కేబుళ్ళు సాగాక ఫ్రీగా సరిచేసి ఇస్తారు, వారంటీ గొడవ వాళ్ళే చూసుకుంటారు. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: చాలా కంపెనీల ఫ్రేమ్ వారంటీ మొదట కొన్నవాళ్ళకే చెల్లుతుంది. ఫోర్కు సర్వీసు ఎప్పుడు చేయించారని అడగండి, రసీదు చూపించలేకపోతే ఆ ఖర్చు ధరలోంచి కోయండి.

మీ ఒంటికి తగ్గట్టు

ఇక అసలు పని. బైక్ ఇంటికొచ్చిన సాయంత్రం ట్రెయిల్‌కి పరిగెత్తొద్దు. గ్యారేజీలో ఒక గంట కూర్చోండి.

వెనక షాక్ మీద, ఫోర్కు కాలు మీద ఒక చిన్న రబ్బరు రింగు ఉంటుంది. అదే మీ కొలబద్ద. హెల్మెట్, బూట్లు, నీళ్ళ బ్యాగు అన్నీ తగిలించుకోండి, ట్రెయిల్‌లో ఎంత బరువుంటారో అంతే ఉండాలి. కంప్రెషన్ మీటలన్నీ (సస్పెన్షన్‌ని గట్టిపరిచేవి) ఓపెన్‌లో పెట్టండి. గోడకి ఒక మోచెయ్యి ఆనించి బైకెక్కి, ముందు నాలుగైదు సార్లు ఎగిరినట్టు నొక్కి, తర్వాత కుదురుగా ఉండండి. ఇంకొకరిని పిలిచి ఆ రింగుని సీలు (కాలు లోపలికి పోయే చోట ఉండే రబ్బరు) దాకా జరపమనండి. ఊపకుండా మెల్లగా దిగండి. రింగు ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలవండి. అదే శాగ్. వెనక షాక్ స్ట్రోక్ (షాకు ఎంత మేర నొక్కుకోగలదో ఆ కొలత) 55 మి.మీ. అనుకుంటే దాంట్లో 30 శాతం, అంటే 16, 17 మి.మీ. రావాలి. షాకు కొలత బైక్ వివరాల్లో రాసి ఉంటుంది, దాన్ని వెనక ట్రావెల్ 150తో కలిపి గందరగోళపడొద్దు. ఫోర్కు శాగ్ పెడళ్ళ మీద నిలబడి కొలవాలి. 160 ఫోర్కుకి 15 నుంచి 20 శాతం, అంటే 24 నుంచి 32 మి.మీ. దాకా. తక్కువ వస్తే గాలి తియ్యండి, ఎక్కువ వస్తే కొట్టండి. గాలి మార్చిన ప్రతిసారీ పది సార్లు నొక్కి వదిలి మళ్ళీ చూసుకోవాలి, లేకపోతే లోపలి రెండు గదుల్లో గాలి సర్దుకోక లెక్క తప్పుతుంది.

65 కిలోల మనిషి ఈ పని చేస్తే షాపు కొట్టిన గాలిలోంచి చాలాసార్లు గణనీయంగా తీయాల్సి వస్తుంది. తీయకపోతే 160 మి.మీ. ఫోర్కు ఎప్పటికీ 110, 120 దాటి కదలదు. డబ్బు పెట్టి కొన్న ట్రావెల్‌లో మూడో వంతు వాడనే వాడరు, పైగా "లాంగ్ ట్రావెల్ అంటే ఇంత గట్టిగా ఉంటుందేంటి" అని అనుమానపడతారు. నాలుగు రైడ్ల తర్వాత కూడా రింగు పూర్తిగా చివరిదాకా వెళ్ళకపోతే, శాగ్ మాత్రం సరిగ్గానే ఉంటే, ఫోర్కులో గాలి గదిని చిన్నది చేసే ప్లాస్టిక్ టోకెన్లు ఎక్కువున్నాయని అర్థం. ఒకటి తీయించండి, షాపులో పది నిమిషాల పని. మామూలు రైడులో ఒక అంగుళంలోపు మిగిలితే, పెద్ద డ్రాప్‌కి చివరిదాకా వెళ్తే, అది సరైన సెటప్.

రీబౌండ్ అంటే నొక్కిన స్ప్రింగు ఎంత వేగంగా తిరిగొస్తుందనేది. ఎర్ర నాబు. బరువు తక్కువున్నవాళ్ళు గాలి తక్కువ పెడతారు, కాబట్టి రీబౌండ్ కూడా వేగంగా ఉండే వైపు తిప్పాలి. నెమ్మదిగా ఉంటే వరసగా వేర్లు తగిలినప్పుడు ఫోర్కు లేచేలోపే ఇంకోటి తగిలి, పోను పోను కిందికి కూరుకుపోతుంది. ఫుట్‌పాత్ అంచు మీంచి సీట్లో కూర్చునే దిగి చూడండి. ఒకసారి లేచి ఆగిపోతే సరిపోయినట్టే, రెండుసార్లు ఊగితే ఒక క్లిక్కు నెమ్మది చెయ్యండి. పూర్తిగా మూసిన చోటునుంచి ఎన్ని క్లిక్కులో ఫోన్‌లో రాసి పెట్టుకోండి, పిల్లలు తిప్పేస్తారు.

టైర్లలో గాలి కూడా ఇదే కథ. షాపులో 30 పైన కొట్టి ఇస్తారు. ట్యూబులు తీసేసి ట్యూబ్‌లెస్ చేయమని అడిగి చేయించుకోండి. 65 కిలోల మనిషికి ముందు 20 పీఎస్ఐ, వెనక 23 దగ్గర మొదలుపెట్టి, రిమ్ము రాయికి తగిలిన చప్పుడొస్తే ఒకటి పెంచండి. చేత్తో నొక్కి చూసే అంచనా ఇక్కడ పనికిరాదు, రెండు పీఎస్ఐ తేడాకే పట్టు మారిపోతుంది.

ఇప్పుడు బ్రేకులు. దీన్ని దాటేయకండి. హైదరాబాదులోనో విజయవాడలోనో పల్సరో యాక్టివానో నడిపిన చేతికి ముందు బ్రేకు కుడివైపు. అమెరికాలో అమ్మే సైకిళ్ళకి ముందు బ్రేకు ఎడమవైపు ఉంటుంది. యాక్టివా మీద ఎడమ చెయ్యి నొక్కితే వెనక చక్రం ఆగేది, ఇక్కడ అదే అలవాటుతో కంగారులో ఎడమ చెయ్యి బిగిస్తే 200 మి.మీ. రోటర్ ముందు చక్రాన్ని ఉన్నపళంగా ఆపేస్తుంది, మనిషి హ్యాండిల్ మీంచి బొక్కబోర్లా పడతాడు. రెండు దారులున్నాయి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో కొత్త అలవాటు పట్టేదాకా ప్రాక్టీసు చెయ్యడం ఒకటి, షాపులో చెప్పి బ్రేకులు అటూ ఇటూ మార్పించుకోవడం ఇంకోటి. మార్పించుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. కాకపోతే డెమో బైకులూ అద్దె బైకులూ ఎక్కినప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

లివర్ మన వేళ్ళకి దూరంగా ఉంటుంది కాబట్టి స్క్రూ తిప్పి దగ్గరికి తెచ్చుకోండి, మొత్తం బిగింపుని గ్రిప్పు నుంచి లోపలికి జరిపి, చూపుడువేలు ఒక్కటే లివర్ కొసన పడేట్టు పెట్టుకోండి. ఒక్క వేలితోనే ఆపాలి, మిగతా మూడూ గ్రిప్పు మీదే. కొత్త ప్యాడ్లు మొదట్లో పట్టవు. ఓ మాదిరి వేగంలో వెళ్తూ నడక వేగం దాకా తగ్గించడం ఓ ఇరవై సార్లు, ఇంకాస్త వేగంలో పది సార్లు చెయ్యండి. పూర్తిగా ఆపొద్దు, చక్రం లాక్ కానివ్వొద్దు. ఇది చెయ్యకుండా కొండెక్కినవాళ్ళ బ్రేకులే దిగుడంతా కీచుమని అరుస్తుంటాయి.

దారి మీద

మొదటి రైడు డ్యూథీ హిల్. పార్కింగుకి డబ్బు కట్టక్కర్లేదు, ట్రెయిళ్ళకి స్కీ చేసే మంచు కొండల మీద లాగే ఆకుపచ్చ (తేలిక), నీలం (మధ్యస్థం), నలుపు (కష్టం) గుర్తులుంటాయి. బూట్‌క్యాంప్ అనే ట్రెయిల్‌తో మొదలుపెట్టి, అది విసుగు పుట్టేదాకా తిరిగి, అప్పుడు నీలం గుర్తులవి. ఏ ట్రెయిల్ అయినా మొదటిసారి మెల్లగా చూసుకుంటూ, రెండోసారి మామూలుగా, మూడోసారి కావాలంటే స్పీడుగా.

సీటు దించడం అలవాటు చేసుకోండి. బొటనవేలితో మీట నొక్కి, కూర్చుంటే డ్రాపర్ పోస్టు కిందికి పోతుంది. దిగుడు మొదలవకముందే దించాలి. పెడళ్ళు రెండూ సమంగా, మడమలు కాస్త కిందికి, మోకాళ్ళు మోచేతులు వంచి, నడుం దగ్గర మడత. బరువంతా పాదాల మీద, చేతులు తేలిగ్గా. దిగుడులో వెనక్కి వాలమని పాత బైకుల కాలంలో చెప్పేవాళ్ళు, ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. ఈ కొత్త బైకుల ఫోర్కు బాగా ముందుకి చాచి ఉంటుంది, 64 డిగ్రీల దగ్గర. భయంతో వెనక్కి వాలారనుకోండి, ముందు చక్రం మీద బరువుండదు, మలుపులో అది జారిపోతుంది. గడ్డం హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) పైన ఉండాలి. లాంగ్ ట్రావెల్ బైకు మీద కొత్తవాళ్ళు పడేది ఎక్కువగా ఈ ఒక్క కారణానికే అంటాను.

మలుపులో మీరు వాలొద్దు, బైకుని వాల్చండి. బ్రేకు మలుపు ముందే వేసి వదిలేయాలి. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు అవతలి కొస మీద ఉండాలి.

తడి వేర్లు మన ప్రాంతానికి ప్రత్యేకం. వేరు మీద బ్రేకు వేస్తే జారతారు, వాలితే జారతారు, పెడల్ గట్టిగా తొక్కితే వెనక చక్రం గిరగిరా తిరుగుతుంది. వేరుకి ముందే స్పీడు తగ్గించి, వీలైనంత లంబకోణంలో దాన్ని దాటి, ఫోర్కుని దాని పని చెయ్యనివ్వండి. పక్కకి వాలుగా ఉన్న వేర్ల గుంపు కనిపిస్తే మధ్యలో దిద్దుకోవాలని చూడకండి, ఎక్కిన దారినే తేలిగ్గా పోనివ్వండి.

ఎక్కేటప్పుడు సీటు పూర్తిగా పైకి, నిటారుగా ఉన్న చోట సీటు ముక్కు మీదికి జరిగి మోచేతులు దించండి, లేకపోతే ముందు చక్రం లేచి అటూ ఇటూ పోతుంది. కంకర రోడ్డు మీద షాక్ మీద ఉన్న క్లైంబ్ మీట (షాకుని గట్టిపరిచేది) వేసుకోవచ్చు. పైకెళ్ళాక తియ్యడం మర్చిపోతే దిగుడంతా ఇటుక మీద కూర్చున్నట్టే.

ఈ బైకులతో అసలు ప్రమాదం ఏమిటంటే అవి తప్పుల్ని కప్పేస్తాయి. సరైన గీత పట్టుకోకపోయినా సస్పెన్షన్ మింగేస్తుంది, మీకు వచ్చేసిందనిపిస్తుంది, వేగం పెరుగుతుంది. టైగర్‌లో ప్రిడేటర్ లాంటి నల్ల గుర్తు ట్రెయిల్‌కి తొందరపడి వెళ్ళేది ఇలాంటి ధైర్యంతోనే. అది నిటారు, మధ్యలో ఆగి ఆలోచించుకునే చోట్లు తక్కువ. డ్యూథీలో నీలం ట్రెయిళ్ళు బ్రేకు కీచుమనకుండా దిగగలిగాక వెళ్ళండి. ఎవర్‌గ్రీన్ మౌంటెన్ బైక్ అలయన్స్ వాళ్ళు క్లాసులు చెప్తారు, ఈ ట్రెయిళ్ళు చాలావరకు కట్టి చూసుకునేదీ వాళ్ళే. ఖరీదైన వీల్సెట్ కన్నా ఆ ఒక్క రోజు క్లాసు డబ్బుకి న్యాయం చేస్తుంది.

టైగర్, రేజింగ్ రివర్ రాష్ట్రం భూములు కాబట్టి కారుకి డిస్కవర్ పాస్ ఉండాలి, లేకపోతే అద్దానికి టికెట్టు అంటించి పోతారు. వెస్ట్ టైగర్ వైపు నడిచేవాళ్ళకే, బైకులు కుదరవు. ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు దారివ్వాలి, నడిచేవాళ్ళకీ గుర్రాలకీ మనమే ఆగాలి.

ఇంటికొచ్చాక బురద నీళ్ళతో కడగండి గానీ, ప్రెషర్ వాషర్‌తో బేరింగుల మీద కొట్టొద్దు. చైన్ తుడిచి ఆయిల్ వేసేటప్పుడు రోటర్ మీద చుక్క పడకుండా చూసుకోండి, పడితే ప్యాడ్లు పారేయాల్సిందే. మొదటి రెండు మూడు రైడ్ల తర్వాత ఫ్రేమ్ కీళ్ళ దగ్గర బోల్టులు టార్క్ రెంచ్‌తో ఓసారి చూసుకోండి, కొత్త బైకులో వదులవుతాయి. రాక్‌షాక్స్ ఫోర్కుకి 50 గంటలకోసారి కింది కాళ్ళలో ఆయిల్ మార్చాలి, గంటలు స్ట్రావా యాప్ చూపిస్తుంది. ట్యూబ్‌లెస్ టైర్లలో సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) మూడు నెలలకోసారి ఎండిపోయిందేమో చూడండి. చలికాలంలో ఇసుక కలిసిన బురదకి బ్రేకు ప్యాడ్లు ఊహించనంత త్వరగా అరిగిపోతాయి, తడికి మెటల్ ప్యాడ్లు నయం. ఒక జత బ్యాగులో పడేసి ఉంచుకోండి.